బోర్డు మీద పేరు లేదని చెప్పినదాన్ని

చెప్పేది నేను, రాసేది తెలుగు మేడం. ఇద్దరం ఒకే కాలేజీలో పనిచేసి రిటైరైనవాళ్లం. ఆమె పాఠం చెప్పిన గదిని నేను ఊడ్చాను. రాయడానికి కూర్చునే ముందే ఒక ఒప్పందం చేసుకున్నాం. నా మాటను ఆమె పుస్తకాల భాషలోకి మార్చుకోవచ్చు. నేను చేసిన పనిని మాత్రం మెత్తబరచకూడదు. ఆమె మనసు మంచిది, అందుకే నాకు భయం.

పిల్లలూ, ఇది మీరు చదువుతారని చెప్పారు కాబట్టి మీతోనే మాట్లాడతాను. నా భర్త జనగామలో ఒక డిగ్రీ కాలేజీలో అటెండరు. ఆయన గుండెపోటుతో పోతే, దయతలచి ఆ ఉద్యోగం నాకిచ్చారు. ఆయన సైకిలు, ఆయన తాళాల గుత్తి, ఆయన కూర్చునే స్టూలు అన్నీ నాకు వచ్చాయి. చదువు రాలేదు. దేవరుప్పుల దగ్గర మా ఊరి బడిలో రెండో తరగతి దాకా కూర్చున్నదాన్ని. అంకెలు బాగా వచ్చు. తెలుగైతే ఒక మాటకు రెండు నిమిషాలు పడుతుంది. ఇంగ్లీషు ఒక్క అక్షరం తెలియదు. ఆఫీసులో కాగితాలన్నీ ఇంగ్లీషే.

మరి ఎలా నెట్టుకొచ్చావని అడుగుతారు. ఫైళ్లను కట్టిన దారం రంగుతో గుర్తుపట్టేదాన్ని. ఉత్తరాలు తెచ్చిన పోస్ట్‌మ్యాన్‌ను కబుర్లలో పెట్టి, ఏ కవరు ఎవరిదో చెప్పించుకొని, ఆ వరుస చెదరకుండా పట్టుకెళ్లి పంచేదాన్ని. ఒకరోజు ఫ్యాను గాలికి కవర్లన్నీ ఎగిరిపోయాయి. ప్రిన్సిపాల్ గారి కరెంటు బిల్లు ఆటల సారు చేతికి పోయింది. "నా బిల్లు ఆయన కడ్తడా?" అని ప్రిన్సిపాల్ నవ్వితే నేనూ నవ్వాను. నవ్వుతూ లోపల చచ్చాను. అయినా రాదని చెప్పలేదు. విధవరాలికి దయతో ఇచ్చిన నౌకరి, చదువు రాదని తెలిస్తే తీసేస్తారేమోనని భయం. అది మొదటి ఏడాది సంగతి. తర్వాత తర్వాత అది భయం కూడా కాదు, రోషం.

స్కాలర్‌షిప్పుల పని మా దగ్గర ఇలా జరిగేది. పిల్లలు నెట్ సెంటర్‌లో దరఖాస్తు నింపి, ప్రింటు తీసి, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం జిరాక్సులు జతచేసి ఆఫీసులో ఇచ్చేవాళ్లు. క్లర్కు సారు ఒక్కొక్కటి చూసి, తప్పున్నవి పక్కన పెట్టి, ఆ పిల్లల పేర్లు, దరఖాస్తు నంబర్లు కంప్యూటర్‌లో కొట్టి నోటీసు బోర్డులో పెట్టించేవాడు. అంటించేది నేనే. మైదా బంక ఉడికించేదీ నేనే. తలకిందులుగా అంటించకుండా ఉండడానికి నాకొక గుర్తు ఉండేది, కాలేజీ గుండ్రటి ముద్ర పైకి రావాలి.

తెలంగాణ రాష్ట్రం కోసం సమ్మె మొదలైన ఏడాది అది. తహసీల్ ఆఫీసుకు తాళం. బస్సులు డిపోలోనే. మా కాలేజీవాళ్లంతా ఆఫీసుల ముందు వేసిన టెంటులో కూర్చునేవాళ్లు. నేను పొద్దున కాలేజీ తెరిచి, ఊడ్చి, నీళ్లు పట్టి, తర్వాత టెంటుకు పోయేదాన్ని. అక్కడ ఒకే జంపఖానా మీద లెక్చరర్ల పక్కన కూర్చున్నాను. హాజరు పుస్తకంలో సంతకం పెట్టాను, అది ఒక్కటి వచ్చు నాకు. మైకులో మాట్లాడినవాళ్లు, మన మాటను చూసి నవ్విన రోజులు పోవాలి, మనల్ని చిన్నచూపు చూసిన రోజులు పోవాలి అంటుంటే నా ఒళ్లు పులకరించేది. నా అంత మనిషి లేదనిపించేది. మంచి రోజులే అవి. ఆ రోజుల్ని తప్పు పట్టను. తప్పు నాది.

సమ్మెలోకి పోయే ముందు రోజు క్లర్కు సారు లిస్టు అంటింపజేసి నాకు అప్పజెప్పాడు.

"రేపటి సంది నేను టెంటుల ఉంట. ఎవలన్న అస్తే సదివి చెప్పు. పేరున్నోళ్ల ఆదాయం సర్టిఫికెట్ పాతది. కొత్తది సమ్మె అయినంక తెచ్చిస్తమని తెల్లకాయితం మీద రాసి సంతకం వెట్టి పొమ్మను. సోమారం దాకనే. తర్వాత దరఖాస్తుల కట్ట హన్మకొండ ఆఫీసుకు పోతది, ఇగ నా చేతుల ఉండదు."

"సంతకం రాకుంటే, సారూ?"

"ఏలుముద్ర వెయ్యమను. గంతే. గా సిరా డబ్బ ఆడనే ఉన్నది గదా."

"సరే సారూ" అన్నాను. సారూ, నాకు చదవరాదు అని అనవలసిన చోట సరే అన్నాను.

మూడు రోజుల్లో పదిమంది దాకా పిల్లలు వచ్చారు. వాళ్లకు వాళ్లే చదువుకున్నారు, కాగితం రాసిచ్చారు. నేను తీసుకొని కట్టలో పెట్టాను. నా పని సాగిపోయింది.

శనివారం జిల్లా అంతా బంద్. పెద్ద రోడ్డు మీద రాళ్లు పెట్టి, పొయ్యిలు పెట్టి నిరసనగా వంటలు చేస్తున్నారు. కాలేజీలో నేనొక్కదాన్నే ఉన్నాను. మిట్టమధ్యాహ్నం గేటు దగ్గర సైకిలు ఆగింది. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి. తలకు తువ్వాల, చెవులకు పోగులు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయి ఉంది. నర్మెట్ట అవతల తండా నుంచి వచ్చానన్నాడు.

"మేడం, స్కాలర్‌షిప్పు లిస్టు గిదేనా?"

నా వెనక ఇంకెవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూశాను. నన్ను అంతకుముందు ఎవరూ మేడం అనలేదు. ఆయా అనేవాళ్లు, లేదంటే ఏయ్ అనేవాళ్లు.

"గిదే. ఎవలు గావాలె నీకు?"

"మా బిడ్డ. బీఎస్సీ రెండో సంవత్సరం. జరమొచ్చి పండుకున్నది, బస్సుల్లెవ్వు. నన్ను సూసి రమ్మన్నది. పేరుంటే కాయితాలల్ల తప్పున్నట్టట, లేకుంటే మంచిదట." బిడ్డ పేరు చెప్పాడు.

ఆ అమ్మాయి నాకు తెలుసు. పొద్దున అందరికంటే ముందు వచ్చి, "ఆయా, జర లైబ్రరీ తలుపు తియ్యరా?" అని అడిగేది. ఇంటర్లో మంచి మార్కులు తెచ్చుకొని మెరిట్ స్కాలర్‌షిప్పు సంపాదించింది. మా కాలేజీలో అది ఉన్నది నలుగురైదుగురు ఆడపిల్లలకే. దాన్ని ఏటేటా కొత్త చేయించుకోవాలి. ఒక్క ఏడు తప్పితే మళ్లీ రాదు.

"గది అస్తెనే దాని సదువు, మేడం. లేకుంటే మాతోని మిరపకాయలేర వచ్చుడే. జర సూసి చెప్పు."

"బోర్డు నీ ముంగటనే ఉన్నది గదా."

ఆయన నవ్వాడు. "నాకు సదువొస్తే గింత దూరం సైకిలు తొక్కి నిన్నెందుకు అడుగుత?"

పిల్లలూ, టెంటు మా కాలేజీకి పది నిమిషాల నడక. అక్కడ ముప్పై మంది చదువుకున్నవాళ్లు ఊరికే కూర్చొని ఉన్నారు. లిస్టు ఊడదీసి పట్టుకెళ్లినా అయిపోయేది. ఆయన్ను వెంటబెట్టుకొని పోయినా అయిపోయేది. మేడం అన్న ఒక్క మాటకు నేను బోర్డు దగ్గరికి నడిచాను. మొదటి పేరు మీద వేలు పెట్టాను. పెదవులు కదిలిస్తూ వేలిని కిందికి జరిపాను. ఎంతసేపు ఆగితే చదివినట్టు కనిపిస్తుందో ఒక్కో పేరు దగ్గర అంతసేపు ఆగాను. కాగితం చివరికి వచ్చాను.

"లేదు."

ఉందని ఎందుకు చెప్పలేదో కూడా చెబుతాను. ఉందంటే కాగితం రాయాలి, రాయడం నాకు రాదు. లేదంటే ఆయన సంతోషంగా వెళ్లిపోతాడు, నేను మేడంగానే మిగులుతాను.

"లేదా? ఇంకోపారి సూడు మేడం. నంబరు సుత ఉన్నది" అని జేబులోంచి మడతపెట్టిన చీటీ తీశాడు. అంకెలు నాకు వచ్చునని ముందే చెప్పాను కదా. ఆ చీటీ తీసుకొని బోర్డు పక్కన పెట్టి ఉంటే ఒక్క నిమిషంలో దొరికేది. తీసుకోలేదు. పేరు చదివినదాన్ని మళ్లీ నంబరు చూస్తే, చదవలేదని పట్టుకుంటాడేమో అనిపించింది.

"ఒక్కపారి జెప్తె అర్థం గాదా? పేరే సూసిన గదా. లేదంటే లేదు. నిశ్చింతగ పో."

ఆయన చీటీని మళ్లీ అవే మడతలతో మడిచి జేబులో పెట్టుకొని, దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం దాకా నాకు హాయిగా ఉంది. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ నిజం అదే.

సమ్మె అయిపోయింది. క్లాసులు మొదలయ్యాయి. కొన్ని వారాలకు స్కాలర్‌షిప్పులు మంజూరైనవాళ్ల లిస్టు వచ్చింది. అందులో ఆ అమ్మాయి పేరు లేదు. తండ్రిని పిలుచుకొని రమ్మన్నాడు క్లర్కు సారు. ఆయన వచ్చినప్పుడు అమ్మాయి క్లాసులో ఉంది. నేను బీరువా దగ్గర ఫైళ్లు తుడుస్తున్నాను.

"లిస్టు వెట్టినం గదా, వచ్చి సూస్కోవద్దా?" అని కసిరాడు సారు. "పేరు లిస్టుల ఉన్నది. ఒక్క ఏలుముద్ర ఏసిపోతే అయిపోతుండె. గిప్పుడు నన్నేం జెయ్యమంటవ్? కట్ట పోయింది, గడువు పోయింది."

"వచ్చిన సారూ. బంద్ నాడు వచ్చిన. గీ మేడం సదివి చెప్పింది, పేరు లేదని."

సారు నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పినవా?"

చేతిలో తుడుపు గుడ్డ ఉంది. దాన్ని ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

"నేనేం చెప్పలే సారూ. గీ మనిషినే సూడలే."

ఆయన ఒక్కసారి నా మొహంలోకి చూశాడు. కోపం కాదు. ఏదో లెక్క తేలినట్టు చూశాడు. తువ్వాల తలమీంచి తీసి, "అయితే నేనే వేరే ఆఫీసుల అడిగిన గావచ్చు సారూ, యాదికి లేదు" అన్నాడు. క్లర్కు సారు తల వంచుకొని ఫైలు తిప్పుకున్నాడు.

ఆయన బయటికి పోతుంటే నా కాళ్లు వాటంతటవే వెంట పోయాయి. సైకిళ్ల షెడ్డు దగ్గర ఆగి, ఎవరూ లేరని చూసి, మెల్లగా అడిగాడు.

"నీకు సుత సదువు రాదా, అమ్మా?"

మేడం పోయింది, అమ్మ అయ్యాను. ఔనని తల ఊపితే చాలు. అది కూడా చేయలేదు. "నాకు పనున్నది" అని వెనక్కి తిరిగాను.

అంతలో క్లాసు వదిలారు. అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ఆయన తమ భాషలో రెండు మూడు మాటలు చెప్పాడు. నాకు అర్థం కాలేదు. ఆ పిల్ల మొహం మాత్రం కనిపించింది. తండ్రి కోసం ఆగకుండా గేటు దాటి పోయింది. నా గురించే చెప్పాడనుకున్నాను. రేపు వచ్చి నలుగురిలో నిలదీస్తుందని ఎదురుచూశాను. నెల దాకా ఎదురుచూశాను. ఆమె మళ్లీ కాలేజీకే రాలేదు.

మరుసటి ఏడు దరఖాస్తుల కాలం వచ్చింది. మళ్లీ లిస్టు, మళ్లీ బంక. ఈసారి సారు "ఎవలన్న అస్తే చెప్పు" అనగానే నోరు తెరిచాను.

"సారూ, నాకు ఇంగ్లీషు సదవరాదు."

"ఎరుకే."

"ఎప్పటి సంది ఎరుక?"

"నువ్వచ్చిన పదిహేను దినాలకే. రిజిస్టర్ల వేరేటోళ్ల పేరు కాడ సంతకం పెట్టినవు. అందరికెరుకే. మొగడు పోయిన ఆడమనిషి, ఏం అంటమని ఊకున్నం."

"మరి ఆనాడు బోర్డు నాకెందుకు అప్పజెప్పిన్రు?"

సారు పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు. ఆఫీసులో నేను అబద్ధం ఆడినప్పుడు ఆయన ఎందుకు తల వంచుకున్నాడో అప్పుడు తెలిసింది. ఆయనకూ సిగ్గు ఉంది. కానీ ఆయన సిగ్గు నా సిగ్గును పంచుకోదు. ఎవరిది వాళ్లదే.

అదే తండా పిల్ల ఒకతి మా కాలేజీలో చేరితే ఆ అమ్మాయి సంగతి అడిగాను. వాళ్లంతా మిరపకాయలేరడానికి ఘనపూర్ వైపు పోయారని చెప్పింది. ములుగు పక్కన ఉన్న ఘనపూర్. ఒక ఆదివారం చుట్టాలింట్లో పెళ్లని చెప్పి బయల్దేరాను. హన్మకొండలో బస్సు మారి, అడుగుతూ అడుగుతూ చేను దొరికించుకున్నాను. నిజం చెప్పి రావాలని బస్సులో వందసార్లు అనుకున్నాను.

ఎర్రటి చేను. వరసగా వంగిన ఆడవాళ్లు. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకొని ఉంది ఆ పిల్ల. నన్ను చూసి గుడ్డ కిందికి లాగింది.

"ఆయా! మీరు గిక్కడికెట్లొచ్చిన్రు?"

"గీడ చుట్టాలున్నరు బిడ్డా. మంచిగున్నవా? బాపు యాడ?"

"ఆ చివర్ల ఉన్నడు. నేను బాపుతోని మాట్లాడుత లేను."

"ఎందుకే?"

"బంద్ నాడు లిస్టు సూసొస్తనని పోయిండు గదా. రోడ్డు మీద వంటలు జేసి పెడుతుండిరట. ఆడ తిని, ఆడనే కూసొని, కాలేజికి పోకుంటనే ఇంటికొచ్చి పేరు లేదన్నడు. ఆఫీసుల సారు గట్టిగ అడిగినంక గప్పుడు నిజం చెప్పిండు. ఒక్క పూట బువ్వకు నా సదువు పాయె, ఆయా."

సైకిళ్ల షెడ్డు దగ్గర ఆయన తమ భాషలో చెప్పిన మాటలు అవి.

మిరప ఘాటుకు కళ్లు మండుతున్నాయని ఆ పిల్ల నాకు తన తువ్వాల ఇచ్చింది. తుడుచుకున్నాను. దూరం నుంచి ఆయన నన్ను చూసి, నీళ్ల బాటిల్ పట్టుకొని వచ్చాడు. బిడ్డ లేచి వేరే సాలులోకి పోయింది.

"గిట్లెందుకు చేసినవన్నా? ఇప్పుడే పోయి చెప్త నేను" అన్నాను.

"చెప్పి ఏం జేస్తవ్? పోయిన ఏడు మల్లొస్తదా? నీకు మొగడు లేడని కాలేజిల అన్నరు. నీ నౌకరి పోతే నాకేమొస్తది?" గొంతు పెంచలేదు గానీ మాటలో కారం ఉంది. "నా మీద అలిగితే అది ఇంట్లనే ఉంటది. నీ మీద అలిగితే కాలేజి మీద, సదువు మీద, మొత్తం అందరి మీద అలుగుతది. మల్ల సదువుదామన్న పానం సుత పోతది. నీళ్లు తాగు. తాగి పో. మల్ల రాకు."

నీళ్లు తాగాను. వచ్చేశాను. ఆయన రావద్దన్నాడు కదా అని ఇన్నేళ్లూ ఆ మాట చాటున దాక్కున్నాను. రాష్ట్రం వచ్చింది, కాలేజీలో రంగులు చల్లుకున్నాం. నన్ను మహబూబాబాద్ బదిలీ చేశారు, అక్కడే, ఈ తెలుగు మేడం పనిచేసిన కాలేజీలోనే రిటైరయ్యాను. అక్కడ మొదటి రోజే ప్రిన్సిపాల్ గదిలోకి పోయి చదవరాదని చెప్పాను. బోర్డు దగ్గరికి ఎవరొచ్చినా నంబరు చీటీ అడిగి తీసుకునేదాన్ని. నంబరు లేకపోతే ఒక పిల్లను పిలిచి చదివించేదాన్ని. అది గొప్ప కాదు. మొదటి రోజు నుంచీ చేయవలసిన పనే. మీలో ఎవరికైనా ఉద్యోగంలో ఏదైనా రాకపోతే రాదని చెప్పండి. అలా చెప్పిన రోజు మా ప్రిన్సిపాల్ "సరే, ఛాయ్ తీస్కరా" అన్నాడు. అంతే. అంత చిన్న మాటకు నేను ఏళ్ల తరబడి భయపడ్డాను.

పోయిన వానాకాలం జనగామ బస్టాండులో ఆ తండా ఆమె ఒకతి కనిపించింది. ఆయన చనిపోయాడని చెప్పింది. బిడ్డ వచ్చిందా అని అడిగాను.

"వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి ఇప్పుడు. అందరు ఏడ్సిన్రు గని దానికి కండ్లల్ల నీళ్లు రాలే. ఎన్నటి కోపమో ఏమో."

రావద్దన్న మనిషి ఇప్పుడు లేడు. నా సాకు కూడా ఆయనతోనే పోయింది. ఇది అచ్చయితే నేనే నర్మెట్ట బస్సెక్కి, ఆమె అత్తగారి ఊరు ఎక్కడో తండాలో అడిగి, పోయి చేతికిస్తాను. నోటితో చెప్పగలిగేదాన్నైతే ఆ మిరపచేలోనే చెప్పి ఉందును.

బిడ్డా, నీకు చదువు వచ్చు. ఇది నువ్వే చదువుకో. ఆ బంద్ రోజు మీ బాపు వంటల దగ్గర కూర్చోలేదు. ఎండలో సైకిలు తొక్కుకుంటూ కాలేజీకి వచ్చాడు. బోర్డు ముందు నిలబడ్డాడు. నీ పేరు చెప్పాడు. నేను లేదన్నాక కూడా, ఇంకోసారి చూడమని అడిగాడు.